ఎనిమిది సెన్సర్లు దాటిన ఇంటికి ఎకోవిట్ గేట్‌వేలు

జీడిపిక్కలు నిల్వ చేసే ఇంట్లో గదిలోని తేమ ఎంతుందో తెలియకపోతే సరుకు బూజు పట్టాక గాని సంగతి బయటపడదు. ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో మా వాటా, అన్నయ్య వాటా, పెరటి గోదాము కలిపి ఎకోవిట్ కంపెనీ డబ్ల్యూహెచ్31 రకం ఉష్ణోగ్రత, తేమ సెన్సర్లను అమర్చుకున్నది అందుకే. సెన్సర్ వెనుక మూత తీస్తే ఏఏ బ్యాటరీల దగ్గర చిన్న స్విచ్చుల వరుస కనిపిస్తుంది. వాటిని అగ్గిపుల్లతో జరిపి 1 నుంచి 8 వరకు ఏదో ఒక ఛానల్‌కు పెట్టి, బ్యాటరీలు ఒకసారి తీసి మళ్లీ వేయాలి.

సెన్సర్ల లెక్కలను అందుకుని వైఫై ద్వారా ఫోన్‌లోని ఎకోవిట్ యాప్‌కు చేర్చే చిన్న పరికరమే గేట్‌వే. ఒక్క జీడబ్ల్యూ1100 గేట్‌వే ఈ రకం సెన్సర్లను ఛానల్‌కు ఒకటి చొప్పున ఎనిమిదింటినే స్వీకరిస్తుంది. తొమ్మిదోది కావాలనుకున్నవారు అక్కడే ఆగిపోతారు గాని, రెండో గేట్‌వే పెట్టుకుంటే దారి ఉంది. ఈ సెన్సర్లు తమ సమాచారాన్ని గాలిలోకి వదులుతాయే తప్ప ఫలానా గేట్‌వేకని పంపవు కాబట్టి, ఒకే సెన్సర్‌ను ఎన్ని గేట్‌వేలైనా వినవచ్చు. పైగా ప్రతి సెన్సర్‌కూ సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. యాప్‌లోని సెన్సర్ల పేజీలో ఆ సంఖ్యను మనమే నమోదు చేస్తే, మా గేట్‌వే ఒకటో ఛానల్‌లో వంటగదిని, అన్నయ్య గేట్‌వే అదే ఛానల్‌లో గోదామును చూపిస్తాయి. పక్కింటివారు ఇదే రకం కొన్నా వారి లెక్కలు మన తెరపైకి రాకుండా చేసేది కూడా ఈ నమోదే. ఇంత ముఖ్యమైన సదుపాయం యాప్‌లో లోపలెక్కడో ఉండటం నాకు నచ్చలేదు.

రెండు గేట్‌వేలు యాప్‌లో రెండు వేర్వేరు పరికరాలుగానే ఉంటాయి. అన్ని గదులనూ ఒకే గ్రాఫులో చూడాలంటే, ఇంట్లోని పరికరాల సమాచారాన్ని ఒకచోట చేర్చే హోమ్ అసిస్టెంట్ వంటి సాఫ్ట్‌వేర్‌కు రెండింటి నుంచీ సమాచారం పంపే ఏర్పాటు చేసుకోవాలి. కంప్యూటర్ పనుల మీద ఆసక్తి లేనివారికి అది కాస్త తలనొప్పే.

కొనేటప్పుడు సెన్సర్ ప్రసారం చేసే రేడియో ఫ్రీక్వెన్సీ తప్పక చూసుకోవాలి. మన దేశంలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు 433 మెగాహెర్ట్జ్ వద్ద లైసెన్సు అక్కరలేదు. అమెరికా కోసం చేసిన 915 రకానికి ఆ వెసులుబాటు లేదు. సెన్సర్‌కూ గేట్‌వేకూ ఒకే ఫ్రీక్వెన్సీ లేకుంటే అవి ఎప్పటికీ కలవవు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు మాకు రెండు రకాలూ ఒకే పెట్టెలో పంపి, తిరిగి తీసుకోవడానికి చాలా సతాయించాడు.

బహిరంగ ప్రదేశంలో సుమారు 100 మీటర్ల దూరం అందుతుందని కంపెనీ చెప్పే మాట శ్లాబు, ఇనుప చువ్వలు, రేకుల తలుపు అడ్డొచ్చిన చోట వర్తించదు. గోదాము సెన్సర్ రేకు తలుపు పక్కన ఉన్నంతకాలం యాప్‌లోని గ్రాఫు గీత తెగి తెగి వచ్చేది. కిటికీ వైపుకు మార్చాక కుదుటపడింది. రెండు సెన్సర్లు ఒకే క్షణంలో ప్రసారం చేసినా ఆ విడత లెక్క పోతుంది, అయితే నిమిషం తిరిగేసరికి కొత్తది వస్తుంది కనుక దానికి కంగారుపడనక్కరలేదు.

తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరును చూసిన గజపతి జిల్లావారు ముందుగా అడిగేది కరెంటు పోతే సంగతేమిటని. గేట్‌వే యూఎస్‌బీతో నడుస్తుంది గనుక పవర్ బ్యాంకు సరిపోతుంది, కానీ అది వాడే కరెంటు మరీ తక్కువ కావడంతో కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి. వైఫై రూటర్‌ను కూడా అదే బ్యాకప్‌కు కలిపి ముందే పరీక్షించుకోవాలి.