ఐ-20 వచ్చేదాకా బాగానే చూసుకున్నారు, ఆ తర్వాతి సంగతి ఒక్కరూ చెప్పలేదు (అమెరికా ఎంఎస్ కన్సల్టెన్సీ రివ్యూ)

రేటింగ్: 5కి 2.

ఇదే రివ్యూ 2021లో రాసుంటే 5 ఇచ్చేవాడిని. ఐ-20 (వీసాకి ముందు అమెరికా యూనివర్సిటీ పంపే అడ్మిషన్ పత్రం) వచ్చిన రోజు స్వీట్ బాక్స్ పట్టుకుని కన్సల్టెన్సీ ఆఫీసుకి వెళ్లాను, గోడ దగ్గర నిలబెట్టి ఫొటో తీశారు, ఆ ఫొటో ఇంకా అక్కడే ఉందట. మా పిన్ని కొడుకు ఇప్పుడు అదే ఆఫీసులో పేరు ఇవ్వబోతూ "అన్నా, వీళ్లు ఎలా ఉంటారు?" అని అడిగాడు. వాడికి ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు, ఎందుకంటే వేరే చోట్ల నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్లు కూడా దాదాపు ఇదే కథ చెప్పారు.

ముందు బాగున్నవి. ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం) మూడుసార్లు తిరగరాయించారు, కాపీ కొట్టిన వాక్యం ఒక్కటి కూడా ఉండనివ్వలేదు. లోన్ పేపర్లు, బ్యాంకు లెటర్లు ఏ వరుసలో పెట్టుకోవాలో చెప్పారు. వీసాకి మాక్ ఇంటర్వ్యూ చేసిన మేడమ్ చాలా ఓపికగా, భయం పోయేదాకా కూర్చోబెట్టి మాట్లాడించారు. నా దగ్గర ఫీజు తీసుకోలేదు, యూనివర్సిటీలే వాళ్లకి కమీషన్ ఇస్తాయి. అందుకే నాకు చూపించిన ఏడు యూనివర్సిటీలూ వాళ్లకి టై-అప్ ఉన్నవే అని తర్వాత అర్థమైంది.

ఇక చెప్పనివి. "ఖర్చులకి పార్ట్‌టైమ్ ఉంది కదా" అన్నారు, మా నాన్న ఆ మాట నమ్మి లోన్ తక్కువ తీసుకున్నారు. ఎఫ్-1 వీసా (స్టూడెంట్ వీసా) మీద క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే పని చేయొచ్చు, పైగా లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో ఉన్న నాలుగు ఉద్యోగాలకి వందమంది పోటీ. పెట్రోల్ బంకులో చేతికి డబ్బు తీసుకుని చేసేది చట్టవిరుద్ధం, దొరికితే వీసా స్టేటస్ పోతుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే మొదటి సెమిస్టర్‌లో నేను అంత టెన్షన్ పడేవాడిని కాదు.

రెండోది సీఐపీ కోడ్. ఐ-20 మీద కోర్సు పక్కన ఉండే ఆ నంబరు అమెరికా ప్రభుత్వం ఇచ్చిన స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే, చదువయ్యాక 12 నెలల ఓపీటీ (అక్కడే ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మీద ఇంకో 24 నెలలు దొరుకుతాయి. లేకపోతే 12 నెలలే. నాతో పాటు ఇదే ఆఫీసు నుంచి వెళ్లిన స్నేహితురాలికి "ఎంబీఏకి డిమాండ్ ఉంది" అని చెప్పి పంపించారు, ఆ ఎంబీఏ స్టెమ్ కాదు. స్టెమ్ జాబితాలో ఉన్న బిజినెస్ అనలిటిక్స్‌కి వెళ్లి ఉంటే మూడేళ్లు ఉండేవి. తనకి హెచ్-1బీ (ఉద్యోగ వీసా) లాటరీ ఒక్కసారే దొరికింది, అందులో రాలేదు, లోన్‌తో సహా హైదరాబాద్ తిరిగి వెళ్లింది. క్లాసులో మా అందరికన్నా ముందుండేది. ఈ విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

నా సంగతికొస్తే, 2023 మేలో డిగ్రీ అయింది, జులై నుంచి ఓపీటీ. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు, శని ఆదివారాలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. ఆ విషయం నాకు డిగ్రీ చేతికొచ్చే నెలలో తెలిసింది. 63వ రోజున మా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒకావిడ చెప్పారు, మొదటి ఏడాది ఓపీటీలో చదువుకి సంబంధించిన పని జీతం లేకుండానైనా వారానికి కనీసం 20 గంటలు చేస్తే ఆ రోజులు నిరుద్యోగం కింద పడవని. మా ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరాను, లెక్క ఆగింది, రెండు నెలలకి ఉద్యోగం వచ్చింది. ఆ మధ్యలో దొంగ అనుభవం పెట్టి రెజ్యూమె తయారు చేస్తామని ఎన్ని ఫోన్లు వచ్చాయో! రోజులు దగ్గర పడుతుంటే ఎంత మంచివాడికైనా ఒప్పుకోవాలనిపిస్తుంది. ఫార్మింగ్టన్ సంగతి గుర్తుంది కదా, మిషిగన్‌లో అమెరికా అధికారులే పెట్టిన నకిలీ యూనివర్సిటీ, స్టేటస్ కోసం అందులో చేరి 2019లో అరెస్టయినవాళ్లు దాదాపు అందరూ భారతీయులే, అందులో మన తెలుగువాళ్లు చాలామంది. స్టేటస్ పోతుందన్న భయంలో ఉన్నవాడికి ఏ దారి చూపించినా దారిలాగే కనిపిస్తుంది.

ఆ తర్వాత హెచ్-1బీ. లాటరీలో ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000. 2024 మార్చిలో రాలేదు. 2025 మార్చిలో దాదాపు 3.44 లక్షల రిజిస్ట్రేషన్లలో 1.2 లక్షలు తీశారు, అందులోనూ లేను. అదే ఏడాది సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ పిటిషన్‌కి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని అమెరికా ప్రభుత్వం అంది, మా హెచ్‌ఆర్ అన్నీ ఆపేసింది. అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకి అది వర్తించదని అక్టోబర్‌లో వివరణ వచ్చేదాకా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఇప్పుడు జీతం స్థాయి ఎక్కువున్నవాళ్లకి లాటరీలో ఎక్కువ అవకాశం అంటున్నారు, కొత్తగా చదువు ముగించినవాళ్లకి అది దెబ్బే. నా ఓపీటీ 2026 జులైలో అయిపోతుంది, మిగిలింది ఒక్క 2026 మార్చి లాటరీ.

నాకు ఈ పని ఇష్టం, ఈ ఊరు ఇష్టం, మా టీమ్‌లో మనుషులు మంచివాళ్లు. అయినా మూడేళ్లుగా మంచం కొనలేదు, పరుపు నేల మీదే. అద్దె ఎక్కువైనా ఆరు నెలల లీజే తీసుకుంటున్నా. నాన్న షష్టిపూర్తికి వెళ్తే తిరిగి రానిస్తారో లేదో అని వెళ్లలేదు, వీడియోలో చూశాను.

ఇంకో విషయం గమనించాను. మొదటి లాటరీలోనే వచ్చిన నా రూమ్మేట్ "కష్టపడితే ఈ దేశం ఇస్తుంది" అంటాడు, రెండుసార్లు రానివాడు "ఎవరూ రాకండి" అంటాడు. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఇంచుమించు ఒకే జీపీఏ, ఒకే జీతం. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి జీవితంలో ఏం జరిగిందో అదే చెప్తున్నారు. అందుకే అమెరికా గురించి ఎవరినైనా అడిగేముందు వాళ్లు ఏ సంవత్సరం చదువు ముగించారో, లాటరీలో వచ్చిందో లేదో అడగండి. కన్సల్టెన్సీ గోడ మీద ఫొటోలన్నీ ఐ-20 వచ్చిన రోజు తీసినవే. మూడేళ్ల తర్వాత ఫోన్ చేసి "ఎలా ఉన్నావు బాబూ" అని అడిగి తీసినది ఒక్కటీ లేదు, నన్ను ఎవరూ అడగలేదు కూడా.

మరి వెళ్లాలా వద్దా అంటే, పేపర్ల పనికి వెళ్లండి, ఆ పని బాగా చేస్తారు. కోర్సు, యూనివర్సిటీ మాత్రం వాళ్లని ఎంచనివ్వకండి. మా తమ్ముడికి మూడు ప్రశ్నలు రాసిచ్చాను: ఈ కోర్సు సీఐపీ కోడ్ ఎంత, పోయినేడాది ఈ యూనివర్సిటీకి పంపినవాళ్లలో ఒకరి నంబరు ఇస్తారా, మీకు కమీషన్ ఇవ్వని యూనివర్సిటీకి అప్లై చేయిస్తారా. పోయిన శనివారం వెళ్లి అడిగాడు. సీఐపీ కోడ్ చూసి చెప్తామన్నారు, నంబరు ఇవ్వలేమన్నారు, మూడోదానికి మేనేజర్ వచ్చాక మాట్లాడదామన్నారు. సోమవారం కోడ్ మెయిల్‌లో పంపారు, అది స్టెమ్ జాబితాలో లేదు. వాడు ఇప్పుడు వేరే కోర్సు చూసుకుంటున్నాడు.