ఆరేళ్లుగా నా నడుముకున్న వంపు రంపం

కొమ్మలు కొట్టడమే నా వృత్తి. 33 సెంటీమీటర్ల బ్లేడున్న ఈ వంపు చేతిరంపం ఆరేళ్లుగా నా బెల్టుకు ఒరలో వేలాడుతోంది. పిడి అప్పటిదే, బ్లేడులు మాత్రం చాలా మారాయి. కొన్న కొత్తలో పనంతా చిన్న చైన్‌ రంపంతోనే చేసేవాణ్ణి, ఇది ఉందంటే ఉంది అంతే. ఇప్పుడు మణికట్టు లావు కొమ్మల దాకా చైన్‌ రంపాన్ని పైకి తీసుకెళ్లనే వెళ్లను.

చైన్‌ రంపం క్షణంలో కోసేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఇరుకు పంగలో దాని ముక్కు పక్క కొమ్మ బెరడును గీకేది. ఆ భయంతో కాస్త ఎడంగా కోస్తే మోడు మిగిలేది, దాన్ని సరిచేయడానికి మళ్లీ ఎక్కాల్సి వచ్చేది. కొమ్మ మానుతో కలిసేచోట ఉంగరంలా ఉబ్బెత్తుగా ఉంటుంది చూశారా, దాన్ని కాలర్‌ అంటాం. కోత ఆ కాలర్‌కు తగలకుండా, సరిగ్గా దాని అంచున పడాలి. చెట్టు మనిషిలా గాయాన్ని మాన్పుకోదని, చెడిన భాగం చుట్టూ గోడ కట్టి దాన్ని వేరు చేస్తుందని అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్‌ షైగో వేల చెట్లను కోసి చూపించారు. కాలర్‌ను కోసేస్తే ఆ గోడ కట్టే శక్తి తగ్గుతుంది. మోడు వదిలేస్తే అది కుళ్లి లోపలికి దారి ఇస్తుంది. ఈ సన్నని బ్లేడు ఆ అంచును మొదటిసారే పట్టుకుంటుంది. రెండోసారి ఎక్కే పని తప్పింది కాబట్టి, చెట్టు మొత్తం పూర్తయ్యే సమయం చూస్తే నాకు ఇదే తొందరగా అవుతోంది.

రంపం ఎంత మంచిదైనా మూడు కోతల పద్ధతిని మాత్రం తప్పించలేదు. ముందు మానుకు జానెడు దూరంలో కింది నుంచి కొంత లోతు, తర్వాత ఇంకాస్త బయటగా పైనుంచి, చివరికి మిగిలిన ముక్కను కాలర్‌ దగ్గర. ఒక సాయంత్రం చీకటి పడుతోందని కింది కోత వదిలేశాను. కొమ్మ సగం తెగేసరికి తన బరువుకే విరిగి, మూరెడు బెరడును చీల్చుకుంటూ కిందికి జారింది. దాంతో నాకు కలిసొచ్చింది అరనిమిషమే. ఆ చీలిక ఆ చెట్టు మీద ఇప్పటికీ ఉంది, అటు వెళ్లినప్పుడల్లా చూసి బాధపడతాను.

ఇక లోపాలు. ఇది లాగినప్పుడే కోస్తుంది. విసుగొచ్చి బలంగా తోస్తే బ్లేడు వంగి విరుగుతుంది, అలా రెండు పోగొట్టుకున్నాను. పళ్ల కొసలు వేడితో గట్టిపరిచినవి, ఆకురాయి వాటి మీద జారిపోతుంది. అంటే పదును పెట్టడం కుదరదు, బ్లేడు మార్చాల్సిందే. లాగుతుంటే తనంతట తాను దిగకుండా నేను నొక్కాల్సి వస్తోందంటే దాని పని అయిపోయినట్టే. మొదట్లో పొదుపు చేద్దామని మొద్దు బ్లేడులతో నెలలు లాక్కొచ్చి భుజం నొప్పి తెచ్చుకున్నాను, కోతలూ గరుకుగా వచ్చాయి. ఎండు కొమ్మల్లో పెద్ద పళ్లు ఇరుక్కుని కుదుపు వస్తుంది. పది సెంటీమీటర్లు దాటిన కొమ్మకు దీంతో కుస్తీ పట్టడం వృథా.

జిగురు పేరుకుంటే బ్లేడు బిగుస్తుంది, అందుకని ప్రతి చెట్టు తర్వాత 70 శాతం ఆల్కహాల్‌తో తుడుస్తాను. తెగులున్న చెట్టు నుంచి మరోదానికి రోగం మోయకుండానూ అదే కాపాడుతుంది. ఎడమచేతిని కోతకు దూరంగా ఉంచండి. జారితే ఇది చేతి తొడుగును కూడా లెక్కచేయదు, నా బొటనవేలి మీద మచ్చ ఉంది.

చెట్టెక్కేవాళ్లు మడత రకం కాకుండా ఒరలో పెట్టేదే తీసుకోవాలి, ఒక చేత్తో తీసి ఒక చేత్తో పెట్టేయొచ్చు. పాత బ్లేడులు నేను పారేయను. మట్టిలో వేళ్లు కోయాల్సి వచ్చినప్పుడు అవే వాడతాను, ఎందుకంటే మట్టి తగిలితే కొత్త బ్లేడు ఒక్క పూటలో మొద్దుబారుతుంది.