ఇంగ్లీషులో చేయి తిరగాలంటే: ద్వారకానగర్‌లోని ఒక సాయంకాలపు తరగతిపై సమీక్ష

విశాఖపట్నం ద్వారకానగర్‌లో పోటీపరీక్షల కోచింగ్ సెంటర్ల నడుమ ఉద్యోగస్తుల కోసం సాయంత్రం పూట నడిచే స్పోకెన్ ఇంగ్లీష్ తరగతులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి ఈమధ్య మామూలు కోర్సుకు అనుబంధంగా, నిత్యవ్యవహారంలో వినిపించే ఇంగ్లీషు పలుకుబళ్లను శరీరావయవాల వారీగా విడదీసి చిన్న చిన్న భాగాలుగా బోధిస్తున్నది. నేను హాజరైనది 'చేయి' మీద నడిచిన భాగానికి మాత్రమే కనుక ఈ సమీక్ష దానికే పరిమితం. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవి కూడా ఉన్నందువల్ల సంస్థ పేరు రాయడం లేదు.

ముందుగా ఒప్పుకోవలసినది, బోధనను తెలుగు నుంచి మొదలుపెట్టడంలోని వివేకం. చేతి చుట్టూ అల్లుకున్న పలుకుబళ్లు మనకు తక్కువేమీ కావు. అందువల్ల తెలుగువాడికి ఈ విషయంలో సగం పని ముందే అయిపోయి ఉంటుంది, మిగిలిన సగంలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. 'అప్పర్ హ్యాండ్' అన్నది అచ్చంగా మన పైచేయి. 'ఓల్డ్ హ్యాండ్' అంటే ఆ పనిలో చేయి తిరిగినవాడు. పరిస్థితి 'ఔట్ ఆఫ్ హ్యాండ్' అయిందంటే చేయి దాటిపోయిందని అర్థం. అయితే 'హి గేవ్ మి ఎ హ్యాండ్' అన్న వాక్యాన్ని విని, అతను నమ్మించి చెయ్యిచ్చాడని అర్థం చేసుకున్నవాళ్లు మా తరగతిలో ఒకరిద్దరు కాదు. అక్కడ చెయ్యివ్వడమంటే సాయపడటం. దానికి 'బిగ్' అన్న చిన్న మాట తోడైతే సభలో చప్పట్లు కొట్టడం. అలాగే మనం కోపంతో ఎవరి మీదనైనా 'చేయి చేసుకుంటే' ఇంగ్లీషువాళ్లు 'లే ఎ హ్యాండ్ ఆన్' అంటారు కానీ, దాన్ని ఎక్కువగా 'ఏనాడూ చేయి వేయలేదు' అన్న వ్యతిరేకార్థంలోనే వాడతారు. ఇటువంటి తేడాలను జాబితాగా అప్పజెప్పకుండా, ఒక్కొక్కటీ ఏ సందర్భంలో బెడిసికొడుతుందో మేడమ్ ఓపికగా చూపించారు.

ఈ శిక్షణలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచినది విభక్తులవంటి చిన్న మాటలపై పెట్టిన శ్రద్ధ. 'హ్యాండ్' అన్న మాట ఒక్కటే, దాని ముందు నిలిచే 'ఇన్', 'ఎట్', 'ఆన్', 'ఔట్ ఆఫ్' అన్నవి మారగానే సంగతి పూర్తిగా మారిపోతుంది. పని 'ఇన్ హ్యాండ్' ఉందంటే ప్రస్తుతం నడుస్తున్నదని. వ్యవహారం 'ఇన్ హ్యాండ్' ఉందంటే అదుపులోనే ఉందని. సాయం 'ఎట్ హ్యాండ్' ఉందంటే దగ్గరకు వచ్చేసిందని. మెకానిక్ 'ఆన్ హ్యాండ్' ఉంటాడంటే పిలిస్తే పలికేటట్టు అక్కడే ఉంటాడని. 'ఔట్ ఆఫ్ హ్యాండ్' అన్నదానికి పైన చెప్పిన అర్థమే కాక మరొకటి కూడా ఉంది: ఒక అర్జీని 'ఔట్ ఆఫ్ హ్యాండ్' తిరస్కరించారంటే చదివి ఆలోచించకుండానే కొట్టిపారేశారని అర్థం. మన ఆఫీసుల్లో జీతం గురించి 'ఇన్ హ్యాండ్ ఎంత?' అని అడగడం పరిపాటి. లెక్కల పుస్తకంలో 'క్యాష్ ఇన్ హ్యాండ్' అంటే చేతిలో మిగిలిన నిల్వ. కానీ బ్రిటన్‌లో 'క్యాష్ ఇన్ హ్యాండ్' కూలి అంటే నోట్ల రూపంలో చేతిలో పెట్టేది, చాలాసార్లు పన్ను లెక్కలకు ఎక్కనిది అనే ధ్వని ఉంటుంది. విదేశీ కంపెనీ ఇంటర్వ్యూలో ఈ మాట వాడబోయేవారికి ఈ ఒక్క హెచ్చరికే రుసుముకు తగిన ప్రతిఫలం.

నగరాన్ని దృష్టిలో పెట్టుకుని పాఠం తయారుచేసిన తీరు కూడా ప్రశంసనీయం. 1933లో ఓడరేవు మొదలైన ఊరు, నౌకానిర్మాణ కేంద్రమూ తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరమూ ఉన్న ఊరు కనుక మర్చంట్ నేవీలో చేరాలనుకునే కుర్రవాళ్లు ఇటువంటి తరగతుల్లో ఎప్పుడూ ఉంటారు. ఓడ భాషలో 'హ్యాండ్' అంటే మనిషే, పనిచేసే మనిషి. డెక్ మీద పనిచేసేవాడు 'డెక్‌హ్యాండ్'. 'ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్' అంటే అందరూ పైకి రావాలన్న పిలుపు. ఓడ 'విత్ ఆల్ హ్యాండ్స్' మునిగిందంటే అందులోని వారెవరూ మిగలలేదని అర్థం. రుషికొండ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ప్రాజెక్టు గడువు ముంచుకొచ్చినప్పుడు మేనేజరు 'ఆల్ హ్యాండ్స్' అని మీటింగు పెడుతున్నాడంటే ఆ సముద్రపు కేకనే అరువు తెచ్చుకున్నాడన్నమాట. మనుషులు చాలని స్థితిని 'షార్ట్‌హ్యాండెడ్' అనడం కూడా ఈ అర్థం నుంచే వచ్చింది. దానికీ స్టెనోగ్రాఫర్ల షార్ట్‌హ్యాండ్‌కూ సంబంధం లేదని విడమరచి చెప్పడం అవసరమే. ఉక్కు కర్మాగారంలోనూ కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి)లోనూ షిఫ్టు మారేటప్పుడు జరిగే 'హ్యాండోవర్' ఎలా మాట్లాడాలో ఇద్దరిద్దరి చేత అభ్యాసం చేయించారు. అది బాగుంది, కానీ ఇంకా ఎక్కువసేపు సాగవలసింది.

లోపాల విషయానికి వస్తే, మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పినచోట జాగ్రత్త తగ్గింది. 'హ్యాండిక్యాప్' అన్నది టోపీ చేతపట్టుకుని యాచించేవారి నుంచి వచ్చిందన్న కథను మేడమ్ నిజమన్నట్టే చెప్పారు. చాలామంది నమ్మే ఈ కథ తప్పు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో ఇద్దరు తమ వస్తువులను మార్చుకునే ఒక ఆట ఉండేది. మధ్యవర్తి రెండింటి విలువల తేడాను నిర్ణయిస్తే, టోపీలో పందెం సొమ్ము వేసి, అందులో పెట్టిన చేతులను పైకి తీసి ఒప్పుకున్నదీ లేనిదీ తెలియజేసేవారు. ఆ 'హ్యాండ్ ఇన్ క్యాప్' గుర్రప్పందేల్లోకి వెళ్లి, మెరుగైన గుర్రం మీద అదనపు బరువు వేయడానికి పేరైంది. ప్రతికూలత అన్న అర్థం ఆ తరువాతిది. ఆ గుర్రప్పందేల నుంచే వచ్చిన 'హ్యాండ్స్ డౌన్' గెలుపును మాత్రం సరిగానే వివరించారు: గెలుపు ఖాయమని తెలిసిన జాకీ చేతులు దించి కళ్లెం వదులు చేయడమే దానికి మూలం.

అంతకన్నా నిరాశ కలిగించినది 'రెడ్ హ్యాండెడ్' అన్నదాన్ని ఒక్క వాక్యంలో దాటవేయడం. మన దినపత్రికల్లో ఏసీబీ వార్త ఏదీ ఈ మాట లేకుండా పూర్తి కాదు. హంతకుడు నెత్తుటి చేతులతో పట్టుబడటాన్ని చెప్పే పాత స్కాట్లాండ్ న్యాయభాష నుంచి అది వచ్చింది. లంచం నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి, పుచ్చుకున్నవాడి చేతులను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది కనుక, మన దగ్గర ఆ మాటకు నెత్తురు అక్కరలేకుండానే రంగు దొరికింది. ఇంత దగ్గరి ఉదాహరణను వదిలి, ఎవరూ వాడని పాత సామెతల మీద కాలం వెచ్చించడం నాకు నచ్చలేదు.

మరొక కొరత, ఏ మాట ఎవరితో అనవచ్చునన్న వివేచన చాలకపోవడం. 'గివ్ మి ఎ హ్యాండ్' అని తోటి ఉద్యోగితో అనవచ్చు. పై అధికారితో అదే మాట 'కుడ్ యు' లేకుండా అంటే ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. ఓడమీద 'హ్యాండ్' అన్నది గౌరవానికి లోటు లేని మాట, కానీ ఆఫీసులో సహోద్యోగిని 'హయర్డ్ హ్యాండ్' అంటే కూలికి తెచ్చుకున్నవాడన్న చులకన ధ్వనిస్తుంది. 'ఆన్ ది అదర్ హ్యాండ్' విషయంలోనూ ఇంతే: మన వాళ్లు దాన్ని 'అంతేకాకుండా' అన్న అర్థంలో లేఖల నిండా వాడుతుంటారు, కానీ అది ముందు చెప్పినదానికి ఎదురు పక్షం చూపించేటప్పుడే చెల్లుతుంది. ఇవి పాఠంలో ఉన్నాయి, అయితే ముద్రించి ఇచ్చిన కాగితాల్లో మాత్రమే ఉన్నాయి. తరగతిలో నోటితో పలికించలేదు.

వసతుల గురించి చెప్పవలసినది తక్కువ. గది చల్లగా ఉంటుంది, బల్లలు ఇరుకు. ఇంటికిచ్చే కాగితాలు శుభ్రంగా ముద్రించి ఉంటాయి, అచ్చుతప్పులు అరుదు. రుసుము రెండు వేల రూపాయలకు లోపే కనుక భారమనలేను. వ్యాకరణం బొత్తిగా రానివారు ముందు మామూలు కోర్సు పూర్తిచేసి రావడం మంచిది. ఇంగ్లీషులో ఈమెయిళ్లు రాస్తూ, మాట్లాడేటప్పుడు తడబడే ఉద్యోగులకూ ఓడ ఉద్యోగాలకు వెళ్లే యువకులకూ నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చేరేవారు అవకాశముంటే రెండో బ్యాచిని ఎంచుకోవాలి, ఎందుకంటే మొదటి బ్యాచి ముగిసేసరికి తరువాతివారు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు, అభ్యాసానికి ఉంచిన చివరి భాగం అక్కడే కుదించుకుపోతుంది. బండి మీద వచ్చేవారు ఆ సందులో చోటు వెతుక్కోవడం కన్నా ఆర్టీసీ కాంప్లెక్సు వైపు ఎక్కడైనా నిలిపి నడిచి రావడం సుఖం.