భీమవరం ఎగ్జిబిషన్‌లో ‘సముద్ర గర్భం’: టన్నెల్ దండగ, పక్క గది చూడండి

ఈ సీజన్‌కి భీమవరంలో వేసిన ఎగ్జిబిషన్‌లో అండర్‌వాటర్ టన్నెల్ పెట్టారు. టికెట్ 120, పిల్లలకీ అంతే. లోపలికెళ్తే ముందు కనపడేది అరోవానా, తర్వాత ఎర్రతోక క్యాట్‌ఫిష్, ఆ పక్కన అలిగేటర్ గార్. అన్నీ మంచినీటి చేపలే! చేపల చెరువుల మీద బతికే ఊరికొచ్చి వాటి మీద ‘డీప్ సీ ఫిష్’ అని బోర్డు పెట్టాలంటే ధైర్యం ఉండాలి. నా వెనకున్న పెద్దాయన ‘ఇదేం సముద్రమండీ, ఉప్పు వాసనే లేదు’ అని పైకే అనేశారు. మిగతాదంతా సెల్ఫీల తోపులాట.

డబ్బులు గిట్టింది బయటికొచ్చే దారిలో, నల్ల పరదా కట్టిన చిన్న గదిలో. అక్కడ ఎవరూ ఆగట్లేదు పాపం. కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు, ఒకతను వచ్చినవాళ్లకి ఓపిగ్గా చెబుతున్నాడు. తెల్ల లైటు ఆర్పి నీలం బల్బు వేశాడో లేదో, బల్ల మీద అప్పటిదాకా ఎర్రగా మెరిసిన ప్లాస్టిక్ రొయ్య నల్లబడిపోయి ఎక్కడుందో తెలీకుండా పోయింది. నీళ్లలో అన్నిటికంటే ముందు ఎరుపు వెలుగే ఆగిపోతుందట, 200 మీటర్లు దాటితే మసక, 1000 దాటితే సూర్యుడి వెలుగు బొత్తిగా ఉండదు, అందుకే లోతు రొయ్యలు చాలావరకు ఎర్రగా ఉండి చీకట్లో దాక్కుంటాయని చెప్పాడు. ‘ఉడకబెట్టకుండానే ఎరుపా?’ అంది మా పాప.

తర్వాత ఒక థర్మోకోల్ కప్పు చేతికిచ్చాడు. ఓడ మీద నుంచి బాగా లోతుకి దించి తీసిందట, బొటనవేలికి టోపీలా పట్టేంత అయిపోయింది. ప్రతి 10 మీటర్లకీ నేల మీద మనకుండే గాలి ఒత్తిడంత అదనంగా పెరుగుతూ పోయేసరికి లోపలి గాలంతా నలిగిపోయిందన్నమాట. ఆకారం మాత్రం అలాగే ఉంది, పెన్నుతో రాసిన పేరు కూడా కప్పుతో పాటే చిన్నదైపోయింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) వాళ్లు ముగ్గురు మనుషుల్ని టైటానియం గోళంలో కూర్చోబెట్టి 6000 మీటర్లకి దించడానికి ‘మత్స్య 6000’ అనే జలాంతర వాహనం తయారుచేస్తున్నారని టీవీలో ఎన్నిసార్లు విన్నా, అదెంత కష్టమో ఆ కప్పు పట్టుకున్నాకే ఎక్కింది.

గదిలోనూ లోపాలున్నాయి. బ్లాబ్ ఫిష్ రబ్బరు బొమ్మ పెట్టి ‘అత్యంత వికారమైన చేప’ అని రాసి వదిలేశారు. ఆ జారిపోయిన మొహం పైకి లాగాక వచ్చేది, దాని లోతులో అది మామూలు చేపలాగే ఉంటుంది, ఆ ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా.

అసలు కోపం వచ్చింది గోడ మీద చార్టు చూసి. 1977లో గాలపాగోస్ దగ్గర సముద్రం అడుగున దొరికిన వేడి ఊటల గురించి ఇంత పొడుగున రాశారు, అదీ ఇంగ్లిష్‌లో. మంచిదే, కానీ మన కృష్ణా–గోదావరి బేసిన్ ఎక్కడ? 2006లో జాయిడ్స్ రిజల్యూషన్ అనే ఓడ ఇక్కడే, దాదాపు వెయ్యి మీటర్ల నీళ్ల కింద తవ్వితే మీథేన్ వాయువు నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన గ్యాస్ హైడ్రేట్లు దొరికాయి. అడుగు నుంచి మీథేన్ ఊరే చోట్లు, ఎండతో పని లేకుండా వాటి చుట్టూ బతికే జీవాల్ని కూడా గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) వాళ్లు ఈ బేసిన్‌లోనే చూశారు. నరసాపురం నుంచి వేటకెళ్లేవాళ్ల ఊళ్లో ఇది చెప్పకపోతే ఎలా? అడిగితే ఆ కుర్రాడు పావుగంట చెప్పాడు, అన్నీ తెలుసు, బోర్డు మీదే లేవు.

నా మార్కులు: టన్నెల్‌కి 1, గదికి 4. ఆదివారం వద్దు, ఆ రద్దీలో అతని మాట వినపడదు. కప్పు అడిగి చేత్తో పట్టుకోండి. బయట మిర్చిబజ్జీ ప్లేటు 60, చల్లారిపోయి ఉంది.