అబార్షన్ కాంబిప్యాక్ రివ్యూ: మందు గట్టిదే, పెట్టె మాత్రం సగమే

పెట్టెలో ఉండేవి ఐదే మాత్రలు. ఒకటి 200 మి.గ్రా. మిఫెప్రిస్టోన్. మిగతా నాలుగు మిసోప్రోస్టాల్, ఒక్కోటి 200 మైక్రోగ్రాములు. గర్భం నిలబడాలంటే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పనిచేయాలి, మొదటి మాత్ర దానికి అడ్డుపడుతుంది. తర్వాతి నాలుగు గర్భసంచిని ముడుచుకునేలా చేస్తాయి. సరైన వారాల్లో, సరిగ్గా వాడితే నూటికి 95 మందికి పైగా ఆపరేషన్ లేకుండానే పని పూర్తవుతుంది. మిఫెప్రిస్టోన్‌కు ఫ్రాన్స్‌లో 1988లో అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండు మందుల జంటను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, 2019లో దగ్గరి వైద్య పర్యవేక్షణ ఉండాలన్న షరతును అక్కడి నుంచి తీసేసింది. మందుకు వంక పెట్టాల్సిన పనిలేదు.

తేల్చుకోవాల్సింది ఇంకొకటి. తన ఒంటి మీద నిర్ణయం తనదే అంటాం కదా, ఆ హక్కును ఈ పెట్టె నిజంగా ఆమె చేతిలో పెడుతోందా?

ముందు ప్యాకింగ్ చూడాలి. మిసోప్రోస్టాల్‌కు తేమ పడదు. గాలిలోని చెమ్మ తగిలితే మందు బలం తగ్గిపోతుంది, పైకి మాత్ర మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. అందుకే రెండు వైపులా అల్యూమినియం రేకు ఉన్న స్ట్రిప్ కావాలి. ఒక వైపు పారదర్శకమైన ప్లాస్టిక్ ఉండి లోపలి మాత్ర కనిపిస్తుంటే ఆ ప్యాక్‌ను నమ్మడం కష్టం. రేకు చిల్లుపడినా, ఉబ్బినా, గడువు తేదీ సరిగ్గా కనిపించకపోయినా పక్కన పెట్టేయాలి. స్ట్రిప్‌ను కత్తిరించి విడి మాత్రలుగా అమ్మడం ఇంకా ప్రమాదం. మందు పనిచేయకపోతే ఆమె ‘నా శరీరానికే పడలేదు’ అనుకుంటుంది. తప్పు ఆ రేకుది కావచ్చు.

వాడే తీరులో ఎక్కువమంది పొరపడేది వారాల లెక్క దగ్గర. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టాలి. కలిసిన రోజు నుంచి లెక్కేస్తే సుమారు రెండు వారాలు తక్కువ వస్తుంది. తొమ్మిది వారాలు దాటాక నాలుగు మాత్రలు కొందరికి చాలవు, మిసోప్రోస్టాల్ ఇంకో మోతాదు కావాల్సి రావచ్చు. పెట్టెలో అది ఉండదు. ఇది ఈ ప్యాక్‌లో అసలైన లోపం.

మిఫెప్రిస్టోన్‌ను నీళ్లతో మింగేయాలి. గంటలోపే వాంతి అయితే డాక్టర్‌ను అడగాలి, మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. 24 నుంచి 48 గంటల తర్వాత మిసోప్రోస్టాల్. వాటిని వెంటనే మింగేయకూడదు. రెండు మాత్రలు ఒక బుగ్గలో, రెండు ఇంకో బుగ్గలో, చిగురుకూ బుగ్గకూ మధ్య 30 నిమిషాలు ఉంచాలి. నోరు ఎండుతుంది, మాత్ర సుద్దలా పొడిపొడిగా కరుగుతుంది, రుచి బాగోదు. అరగంట తర్వాత మిగిలింది నీళ్లతో మింగేయవచ్చు. నాలుక కింద, యోనిలో పెట్టుకునే పద్ధతులూ ఉన్నాయి. యోనిలో పెట్టుకుంటే మాత్ర ముక్కలు తర్వాత కనిపించే అవకాశం ఉంది. విషయం గుట్టుగా ఉంచాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్లకు ఇది తెలియాలి.

నొప్పి మందు పెట్టెలో లేకపోవడం క్షమించరాని విషయం. మిసోప్రోస్టాల్‌తో వచ్చే నొప్పి నెలసరి నొప్పికి చాలా మించి ఉండవచ్చు. దానికి పారాసెటమాల్ కంటే ఐబుప్రోఫెన్ మేలు, పడనివాళ్లు తప్ప. నొప్పి ముదిరే దాకా ఆగకుండా ముందే వేసుకుంటే ఇంకా మంచిది. ఆమె నిర్ణయాన్ని గౌరవిస్తున్నామని చెబుతూ నొప్పిని మాత్రం ఆమెకే వదిలేయడం, ఎంత మర్యాదగా చెప్పినా, శిక్ష వేయడమే.

లోపలి కాగితంలో చీమల్లాంటి అక్షరాలతో రసాయనాల వివరాలు బారెడు ఉంటాయి. అవసరమైన మూడు మాటలు పెద్దగా అచ్చువేస్తే చాలు. గంటకు రెండు పెద్ద ప్యాడ్‌లు పూర్తిగా తడుస్తూ వరసగా రెండు గంటలు సాగితే ఆసుపత్రికి వెళ్లాలి. మిసోప్రోస్టాల్ వేసుకుని 24 గంటలు దాటినా రక్తస్రావం మొదలవకపోతే వెళ్లాలి. 38 డిగ్రీల జ్వరం ఒక రోజు దాటినా, భుజంలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, ఒక వైపు పొత్తికడుపులో పోటు పొడిచినా వెళ్లాలి. గర్భం గర్భసంచి బయట, ఎక్కువగా నాళంలో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, నాళం చిట్లితే ప్రాణం మీదికి వస్తుంది. గర్భనిరోధక లూప్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, అడ్రినల్ గ్రంథి సమస్య ఉన్నవాళ్లు, ఎక్కువ కాలంగా స్టెరాయిడ్‌లు వాడేవాళ్లు ముందే డాక్టర్‌ను అడగాలి.

ఇక నైతిక ప్రశ్న. పిండానికి విలువ ఎంత అన్నది తేలిక ప్రశ్న కాదు, భిన్నంగా ఆలోచించేవాళ్లను తీసిపారేయడం తగదు. అయినా ఆ విలువను కాపాడడానికి ఒకరి ఒంటిని తొమ్మిది నెలలు ఆమె ఇష్టం లేకుండా వాడుకోవచ్చా అన్నది వేరే ప్రశ్న. దానికి ‘వాడుకోకూడదు’ అన్నదే సరైన జవాబు. భర్త సంతకం, తప్పనిసరి ఎదురుచూపు గడువు వంటి షరతులు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి తమ చోట ఏముందో ముందే కనుక్కోవాలి.

అయితే ఇదే హక్కుకు రెండో ముఖం ఉంది. ఆమెకు తెలియకుండా ఈ మాత్రలు ఇవ్వడం, బలవంతపెట్టి మింగించడం కూడా శరీర హక్కును అంతే దారుణంగా తొక్కేయడం. అందుకే మందు ఇచ్చే మనిషి, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి, ఆమెను ఒంటరిగా ఒక్కసారైనా ‘ఇది మీ నిర్ణయమేనా?’ అని అడగాలి. మనసు మారే అవకాశం గురించీ చెప్పాలి. మొదటి మాత్రతోనే గర్భం తప్పకుండా పోతుందన్న హామీ లేదు, ప్రొజెస్టిరాన్‌తో దాన్ని ‘వెనక్కి తిప్పవచ్చు’ అన్న ప్రచారానికి గట్టి రుజువూ లేదు. మిసోప్రోస్టాల్ వేసుకున్నాక గర్భం కొనసాగితే బిడ్డకు పుట్టుక లోపాలు రావచ్చు. కాబట్టి ఆలోచించుకోవడం మొదటి మాత్ర నోట్లో వేసుకోక ముందే పూర్తవ్వాలి.

చివరగా పెట్టెలో లేని ఇంకో వస్తువు గర్భ పరీక్ష స్ట్రిప్. మాత్రలు వేసుకున్నాక నాలుగు వారాలు గడవక ముందే మామూలు టెస్టు చేస్తే గర్భం పోయినా పాజిటివ్ చూపించవచ్చు, అది చూసి కంగారుపడి అనవసరంగా క్యూరెట్ (గర్భసంచిని లోపల గీకి శుభ్రం చేయడం) చేయించుకునేవాళ్లు ఉంటారు. అండం ఎనిమిదో రోజుకే మళ్లీ విడుదల కావచ్చు కాబట్టి గర్భనిరోధకం గురించిన మాట కూడా ఆ కాగితంలో ఉండాలి, వద్దనుకునే స్వేచ్ఛతో సహా.