తయారీ విధానం రాయించడానికి ఏది మేలు: గడులా, ఫ్లో చార్టా, పట్టికా?

పులిహోర ఎలా చేయాలో రాయమంటే ఆరో తరగతి పిల్లల్లో చాలామంది ఒకే తీరులో రాస్తారు. "మొదట అన్నం వండాలి. తర్వాత చింతపండు నానబెట్టాలి. తర్వాత పోపు పెట్టాలి. తర్వాత కలపాలి." ఇంట్లో అమ్మ చేస్తుంటే పక్కన నిలబడి చూసినవాళ్లే. చూసినదంతా కాగితం మీదికి రాదు. అందుకే రాసేముందు ఒక పటం గీయిస్తాను. ఇప్పటిదాకా మూడు రకాలు వాడి చూశాను.

అంకెలు వేసిన గడులు అన్నిటికన్నా తేలిక. నిలువుగా ఐదారు గడులు, గడికో పని. ఏది ముందో ఏది వెనకో స్పష్టమవుతుంది, మరిచిపోయిన పని ఉంటే వెంటనే దొరుకుతుంది. కాగితం పడవ లాంటి వాటికి గడిలో బొమ్మ వేయిస్తే చాలు. మడత ఎటు పెట్టాలో మాటల్లో చెప్పడం పెద్దవాళ్లకే కష్టం. చిక్కల్లా తర్వాతే వస్తుంది. గడికో వాక్యం రాసి, మధ్యలో మళ్లీ ఆ "తర్వాత"లే తగిలిస్తారు. తెలుగులో మనం అలా చెప్పం కదా! "చింతపండు నానబెట్టి, పులుసు తీసి, పసుపు వేసి ఉడికించాలి" అంటాం. అందుకని రెండు మూడు గడుల్ని ఒక గీతతో కలిపి, వాటన్నిటినీ ఒకే వాక్యం చేయమంటాను. వ్యాకరణ పాఠంలో బట్టీపట్టిన క్త్వార్థకం ('నానబెట్టి', 'తీసి' లాంటి రూపం) ఎందుకు పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

పనిని గడులు, బాణాలతో చూపే ఫ్లో చార్ట్ కథ వేరు. పనితీరును అధ్యయనం చేసిన గిల్‌బ్రెత్ దంపతులు 1921లో అమెరికాలో ఇంజనీర్ల ముందు పెట్టిన ప్రాసెస్ చార్ట్ దీనికి మూలం. పని ఎలా సాగుతోందో చూడటానికి పుట్టిన పటం అది, వాక్యాలు రాయించడానికి కాదు. అయినా ఒక చోట దీన్ని మించింది లేదు. సైకిల్ పంక్చర్ వేయడం తీసుకోండి. గాలి కొట్టిన ట్యూబును నీళ్లలో తిప్పుతూ చూడాలి. బుడగలు వస్తున్నాయా? వస్తే అక్కడ గుర్తు పెట్టాలి, రాకపోతే ఇంకొంచెం జరపాలి. ఈ 'వస్తే', 'రాకపోతే' గడుల్లో ఇమడవు, ఇక్కడ వాటంతట అవే వస్తాయి. పులిహోరకు మాత్రం ఇది అనవసరపు బరువు. స్కేలు పెట్టి, ప్రశ్న రాసే డైమండ్ గడులు గీయడంలోనే పీరియడ్ అయిపోతుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నేను పట్టికనే ఎంచుకుంటాను. మూడు నిలువు వరుసలు: ఏం చేయాలి, ఎంత, ఎప్పటిదాకా. అసలు బలం మూడో వరుసలో ఉంది. "పులుసు ఉడికించాలి" అని రాసిన పిల్లవాడికి పక్క గడి ఖాళీగా కనిపిస్తుంది. ఎప్పటిదాకా? ఇంటికెళ్లి అడిగొస్తాడు. "చిక్కబడి నూనె పైకి తేలేదాకా." ఆవాలు వేశాక? "చిటపటలాడేదాకా." అన్నం? "వేడి తగ్గి పొడిపొడిగా అయ్యేదాకా." వంటింట్లో మనవాళ్లు గడియారం చూసి వండరు. రంగు, వాసన, చప్పుడు చూసి వండుతారు. ఆ గుర్తులు రాతలోకి వచ్చాయంటే చదివినవాళ్లు ఆ వంట చేయగలరు.

రెండో వరుస విలువ చెప్పడానికి విరేచనాలైనప్పుడు ఇంట్లో కలిపి తాగించే ఉప్పు, చక్కెర నీళ్ల గురించి రాయిస్తాను. ఒక లీటరు శుభ్రమైన నీరు, తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. "కొంచెం ఉప్పు, కొంచెం చక్కెర" అని రాస్తే ఒప్పుకోను. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం. కలిపిన నీళ్లు కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండకూడదన్న గుర్తు మూడో వరుసలోకి వెళ్తుంది.

పట్టికకూ ఒక లోపం ఉంది. వరుసగా నింపేసి, అదే రాత అనుకునే పిల్లలుంటారు. అందుకే పట్టిక పూర్తయ్యాక నోట్‌బుక్ మూయించి, వేరే కాగితం మీద పేరాగా రాయిస్తాను. ఆ కాగితాన్ని పక్క బెంచీకి ఇస్తాం. అక్కడివాళ్లు దాన్ని చదువుతూ, ఆ పని చేస్తున్నట్టు నటిస్తారు. ఎక్కడ చేతులు ఆగిపోతే అక్కడ రాసినవాళ్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు.

మూడు నుంచి ఐదో తరగతి వరకు గడులు చాలు, బొమ్మలతో సహా. ఆరు నుంచి పట్టిక మొదలుపెట్టండి. ఫ్లో చార్ట్ ఏడాదికి ఒకటి రెండు సార్లు, పంక్చర్ లాంటి పని దొరికినప్పుడు తీయండి. ఏ పటమైనా మూడు నాలుగు సార్లు వాడాక ఇవ్వడం మానేసి తెల్లకాగితం ఇవ్వండి. కొందరు మార్జిన్‌లో చిన్నగా మూడు గీతలు గీసుకుంటారు. గీసుకోనివ్వండి.