అద్దె లేదు గానీ, ఐదున్నరకి లేవాలి

హైదరాబాదులో ఫ్లాటు ఖాళీ చేసి ఏడాది దాటింది. మా ఇద్దరి ఉద్యోగాలూ లాప్‌టాప్‌లోనే, అందుకని ఊరెళ్లేవాళ్ల ఇళ్లు చూసుకుంటూ, వాళ్ల కుక్కనో పిల్లినో సాకుతూ అక్కడే ఉంటున్నాం. వాళ్లు మాకు జీతమివ్వరు, మేం వాళ్లకు అద్దె ఇవ్వం, కరెంటు బిల్లు మాత్రం మేమే కడతాం. బయటి దేశాల్లో దీనికి ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్ లాంటి సైట్లున్నాయి, ఏడాదికింత అని సభ్యత్వం కట్టి ఇళ్లు వెతుక్కుంటారు. తిరుపతిలో మాకవేం పనికిరాలేదు. దొరికిన ఇళ్లన్నీ ఆ నోటా ఈ నోటా వచ్చినవే, అదీ ఎక్కువగా అమెరికాలో కూతురి కాన్పుకు వెళ్లే పెద్దవాళ్ల దగ్గర్నుంచి. విజిటర్ వీసా మీద మామూలుగా ఆర్నెల్ల వరకూ ఉండనిస్తారు కదా, అన్నాళ్లు కుక్కను ఎవరి మీద వదిలి వెళ్లాలన్నదే వాళ్ల టెన్షన్.

మొదటి ఇల్లు జీవకోన వైపు, కొండకింద. మిద్దె ఎక్కితే ఎదురుగా శేషాచలం, పొద్దున్నే మబ్బు కొండ మీంచి జారుతుంటే కాఫీ చల్లారిపోయేది. ఆ మిద్దె చూసే ఒప్పుకున్నాం, కుక్క గురించి సరిగ్గా అడగనేలేదు, అక్కడే తప్పు చేశాం. తొమ్మిదేళ్ల లాబ్రడార్, ముసలిది, తెల్లారి ఐదున్నర దాటితే ఆపుకోలేదు. నా మీటింగులేమో అమెరికా టైము ప్రకారం రాత్రి ఒంటిగంటకు ముగుస్తాయి. ఇక నిద్ర లెక్క మీరే వేసుకోండి.

చీకటి పడ్డాక నడిపిద్దామంటే అదీ కుదరదు. అడవి అంచు కదా, యూనివర్సిటీ ప్రాంగణాల్లోకే చిరుతలు వచ్చిపోతుంటాయి, వాటికి అన్నిటికంటే సులువుగా దొరికేది కుక్క. ఆంటీ ఫ్రిజ్ మీద కాగితం అంటించి వెళ్లింది: ఏడు తర్వాత గేటు దాటించకూడదు, రాత్రి వరండాలో కట్టేయకూడదు. మొదట నవ్వుకున్నాం. పక్కింటాయన తన పాత కుక్క సంగతి చెప్పాక నవ్వడం మానేశాం.

ఇల్లు పూర్తి శాకాహారం కాబట్టి దానికీ పెరుగన్నమే, వారానికి రెండుసార్లు గుడ్డు మాత్రం పక్కింటి నుంచి, గోడ మీంచి. పనమ్మాయి ప్రేమకొద్దీ ఉప్మా కూడా పెట్టేది. ఉల్లిపాయ కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుందని చెప్తే, ‘ఇన్నేళ్లూ తిని బతకలేదా మేడమ్’ అంది. ఆ ఒక్క విషయంలో గట్టిగానే చెప్పాల్సి వచ్చింది.

గోమార్లు పట్టి ఒళ్లంతా గోక్కుంటుంటే ఊళ్లో ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లాం. టేబుల్ ఎక్కించకుండానే ఇంజక్షన్ పొడిచి పంపారు, రెండు రోజులకి మళ్లీ గోకుడే. తర్వాత వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్లాం. 1955 నుంచీ ఉన్న కాలేజీ అది, మేకలు, దూడలు, కుక్కలు అన్నీ ఒకచోటే ఎదురుచూస్తుంటాయి, పూట గడిచిపోతుంది. కానీ చెవులు, కాలివేళ్ల మధ్య దాకా చూసి మందు రాశారు. పని రోజున సెలవు పెట్టి అయినా సరే అక్కడికే వెళ్లమంటాను.

అన్నిటికంటే పెద్ద కష్టం కుక్కతో కాదు, చుట్టాలతో. తిరుపతిలో మాకు ఇల్లుందని తెలిసిన వారంలోపే, మూడేళ్లుగా ఫోన్ చేయని వాళ్లు కూడా ‘దర్శనానికి వస్తున్నాం, ఒక్క రాత్రే’ అన్నారు. పరాయివాళ్ల ఇల్లు, మనుషుల్ని దించకూడదని మాట ఇచ్చాం అంటే ఎవరికీ ఎక్కదు. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం ఉంది, రైల్వే స్టేషన్ దగ్గర విష్ణు నివాసం ఉంది, రెండూ దేవస్థానం వసతులే, గదులు అక్కడ చూసుకోమని చెప్పాం. మా ఆయన పిన్ని కొడుకు ఇప్పటికీ మాట్లాడడం లేదు. ఇంతా చేసి మేమిద్దరం కలిసి కొండెక్కింది లేదు. కుక్కను వదల్లేక ఒకరోజు నేను శ్రీవారి మెట్టు మీదుగా, ఇంకోరోజు ఆయన అలిపిరి నుంచి. నావి 2,388 మెట్లు, ఆయనవి 3,550. అది ఇంట్లో రోజూ వినాల్సి వస్తోంది.

ఇక డబ్బు సంగతి. అద్దె మిగిలిన మాట నిజమే, కానీ ఒక ఇల్లు వదిలాక ఇంకోటి చేతికొచ్చేలోపు ఖాళీ రోజులుంటాయి చూడండి, మిగిలిందంతా అక్కడ పోతుంది. మేం తొమ్మిది రోజులు లాడ్జిలో ఉన్నాం. శని ఆదివారాల్లో రేటు పెంచేస్తారు, గదిలో మంచం తప్ప బల్ల ఉండదు, తెల్లవారుజామున రెండింటికే దర్శనానికి బయల్దేరేవాళ్ల బకెట్ల చప్పుడు. యాత్రికులకు అది చాలు, పని చేసుకునేవాళ్లకు కాదు.

చిత్తూరులో గ్రీమ్స్‌పేట ఇల్లు హాయి. రెండు పిల్లులు, పొద్దున పొంగలి, నెట్ ఆగలేదు, కాణిపాకం పన్నెండు కిలోమీటర్లు. ఒక పిల్లి రెండు రోజులు కనబడకపోతే నేను ఏడుపు మొహం వేసుకుని వీధులన్నీ తిరిగాను. ఎదురింటి అవ్వ మాత్రం ‘గమ్మునుండు మ్మా, ఆకలైతే అదే వస్తాది’ అంది. వచ్చింది కూడా, బీరువా మీంచి.

మొగిలి ఘాటు ఎక్కాక పలమనేరు దగ్గర మామిడి తోటలో ఇల్లు మాత్రం నాలుగు రోజులకే చాలనిపించింది. చల్లటి గాలి, మీటరు ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవు, పాలు పితకడానికి మనిషి వస్తాడు, అన్నీ బాగున్నాయి. కరెంటు పోతే నెట్ పోతుంది, అంతే. మా ఆయన హైవే పక్క దాబాలో టీ మీద టీ తాగుతూ మీటింగులు నడిపాడు. మీ పని ఫోనుతో గడిచేదైతే వెళ్లండి, మేం మళ్లీ వెళ్లం.

సంక్రాంతి దాటాక లాబ్రడార్ ఆంటీ మళ్లీ వెళ్తోంది, ఈసారి కొడుకు దగ్గరికి. వస్తామని చెప్పేశాం. పొద్దున నడక మా ఆయనది, రాత్రి మందులు నావి అని ముందే తేల్చుకున్నాం. చుట్టాలకు మాత్రం ఇంకా చెప్పలేదు.